రవికె గుడ్డలో చుట్టి ఇవ్వండి

పెద్దాపురం,
ధనుర్మాసం.

మా ఊరి పిల్లలకి,

మీలో కొందరు మహారాణి కాలేజీలో, లూథరన్ హైస్కూల్లో, నవోదయలో చదువుకుంటున్నారు. కొందరు హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగాల నుంచి పండక్కి సామర్లకోటలో రైలు దిగుతారు. ఇంకొందరు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, ఇక్కడున్న అమ్మానాన్నలకి ఫోన్లోనే కానుకలు ఆర్డరు పెడతారు. అందరికీ కలిపి ఈ ఒక్క ఉత్తరం. మీలో చాలామంది అమ్మానాన్నలకి పాఠాలు చెప్పినదాన్ని. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది మీరిచ్చే కానుకల మీద చుట్టే మెరుపు కాగితం గురించి.

డిసెంబరు మూడో వారం నుంచి కనుమ దాకా మన ఊళ్ళో ఇచ్చిపుచ్చుకోవడాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందు చర్చీల్లో, కాలేజీల్లో క్రిస్మస్ ఫ్రెండు చీటీలు తీస్తారు. జనవరి ఒకటిన ఆఫీసులకీ పెద్దవాళ్ళ ఇళ్ళకీ పళ్ళబుట్టలు, పూలబొకేలు, జీడిపప్పు బాదంపప్పు పెట్టెలు వెళతాయి. అవి సర్దేలోగా సంక్రాంతి. కూతురికీ అల్లుడికీ బట్టలు, మనవలకి ఆటసామాను, వియ్యాలవారింటికి పిండివంటలు. ఇవేవీ మానమని నేను చెప్పను. ఇవ్వడంలో గోదావరి జిల్లాలవాళ్ళకి ఉన్న సరదా మరొకరికి లేదు. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాంకి వెళ్ళిన పుట్టింటి సారెని ఊరూరా ఫోన్లలో చూశారు కదా, చేపలూ కూరగాయలే బళ్ళకి బళ్ళు! ఆ చెయ్యి అలాగే ఉండనివ్వండి. పైన చుట్టేదాని గురించే నా బాధ.

ఫాన్సీ షాపులో పదికో ఇరవైకో ఇచ్చే ఆ షీటు చాలాసార్లు అసలు కాగితమే కాదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం ఆవిరిని పూతగా పట్టిస్తే ఆ వెండి మెరుపు వస్తుంది. మరికొన్ని కాగితాలే గానీ పైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక. షీటుని గుప్పిట్లో పెట్టి గట్టిగా నలిపి వదలండి. నలిగిన ఉండ అలాగే ఉండిపోతే చాలావరకు కాగితమే. చరచరలాడుతూ మళ్ళీ విచ్చుకుంటే ప్లాస్టిక్. కాగితం మళ్ళీ కాగితం కావాలంటే నీళ్ళలో నాని గుజ్జవ్వాలి. ఈ పొర నానదు, గుజ్జవదు. పైన అద్దిన మెరుపుపొడి కూడా చాలావరకు సన్నగా తరిగిన ప్లాస్టిక్కే. చేతికంటితే కడుక్కుంటాం, అది కాలవలో పడుతుంది. యూరప్ దేశాల కూటమి 2023లో విడి ప్లాస్టిక్ మెరుపుపొడి అమ్మకాన్ని ఆపించింది.

మీకింకో పరీక్ష చెబుతాను, అది మరీ సులువు. మన వీధిలోకి పాత పేపర్లు కొనే అబ్బాయి వస్తాడు. దినపత్రికలు తూస్తాడు, అట్టపెట్టెలు తూస్తాడు, చిరిగిన నోటుపుస్తకాలు తూస్తాడు. ఈ మెరుపు షీట్లు తక్కెట్లో పెట్టండి, తీసి పక్కన పడేస్తాడు. వాటిని కొనేవాడు లేడు కాబట్టి. ఎవరూ కొననిది ఎక్కడికి పోతుంది? కొంత మునిసిపాలిటీ బండిలోకి. మిగతాది మురుగు కాలవలోకి, పల్లం వెంబడి పంట కాలవల్లోకి, ఆపైన కాకినాడ సముద్రం వైపు. ఇంకొంత భోగి మంటలోకి. నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది అదే. పిడకల దండలు వేసి, పాత కట్టెలు వేసి వెలిగించాల్సిన మంటలో క్రిస్మస్‌నాటి రేపర్లు, జనవరి ఒకటి నాటి బొకేల కవర్లు వేస్తున్నారు. ఆ పొగ చుట్టూ చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడుతున్నారు. ప్లాస్టిక్ మండిన పొగ పిల్లల ఊపిరితిత్తులకి విషం. ఈ ఒక్కటి మాత్రం నేను బతిమాలుకోవడం కాదు, పెద్దదాన్నిగా గట్టిగా చెబుతున్నాను: భోగి మంటలో రేపరు వెయ్యకండి, ఎవరైనా వేస్తుంటే వెయ్యనివ్వకండి.

కానుకని కాగితంలో దాచి ఇవ్వడం మనకి తాతల నాటి అలవాటు కాదు. పెళ్ళిలో చదివింపులంటే పేరు, వస్తువు, రొక్కం అందరూ వినేలా పైకి చదివేవారు, పుస్తకంలో రాసేవారు. పుట్టింటి సారెని ఇరుగుపొరుగుని పిలిచి చూపించాకే పంచిపెట్టేవారు. దాపరికం ఏముంది అందులో? కాగితాలు చుట్టే దేశాల్లో కూడా ఇప్పుడున్న ఈ రంగురంగుల చుట్టుడు కాగితానికి గట్టిగా వందేళ్ళ చరిత్రే. 1917 క్రిస్మస్ రోజుల్లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో మామూలుగా చుట్టే పల్చటి కాగితం అయిపోయింది. కవర్ల లోపల అంటించడానికి ఫ్రాన్సు నుంచి తెప్పించిన పువ్వుల కాగితాన్ని బల్ల మీద పెడితే, అదంతా అమ్ముడైపోయింది. ఆ దుకాణమే తర్వాత హాల్‌మార్క్ కంపెనీ అయింది. వ్యాపారంలో అనుకోకుండా పుట్టిన ఒక పద్ధతిని మనం పండగ ఆచారంలా మోస్తున్నాం.

మనవాళ్ళ పద్ధతి ఎలా ఉండేదో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చూడలేదు. సారె సర్దడం పెద్ద పని. ముందురోజు అరిటాకులు కోసి, ఈనె వైపు సెగ చూపించేవారు. సెగ తగిలిన ఆకు మెత్తబడుతుంది, మడిచినా చీలదు. ఆ ఆకు వెదురు తట్ట అడుగున పరిచి, పైన జంతికలో, గోరుమీటీలో పోసి, మళ్ళీ ఆకు కప్పి, ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ పైన వేసి నాలుగు మూలలూ తట్ట అంచుకి ముడి వేసేవారు. అరిసెలు, సున్నుండలు ఇత్తడి బిందెల్లోకి, డబ్బాల్లోకి. చలిమిడికి గిన్నె. ఇల్లు చేరాక ఆకు ఆవుకి వెళ్ళేది. గుడ్డ, తట్ట, బిందె ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వాడకంలో ఉండేవి. మా అత్తగారి సారె తట్టలో మేము వడియాలు ఎండబెట్టుకున్నాం.

ఇక ఇరుగుపొరుగుకి పంచిపెట్టిన గిన్నెలు తిరిగి వచ్చేవి, అదీ ఖాళీగా కాదు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని పట్టింపు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో, బెల్లం ముక్కో వేసి పంపేవారు. శ్రావణ మాసంలో వాయనానికి వెళితే శనగలూ తాంబూలమూ కొంగులోనే పట్టేవాళ్ళం. ఆ కొంగు ముడితోనే ఇంటికి వచ్చేవాళ్ళం. ఇప్పుడు గుప్పెడు శనగలకి ఒక ప్లాస్టిక్ కవరు, పసుపు కుంకుమకి రెండు చిన్న కవర్లు, అన్నీ కలిపి ఇంకో పెద్ద కవరు.

తిండిపదార్థాలు పొదిగి పెట్టే విద్య మన ప్రాంతంలో ఎంత దూరం వెళ్ళిందంటే, అంబాజీపేట వైపు పనసాకుల్ని పుల్లలతో కుట్టి బుట్టలు చేసి అందులోనే ఇడ్లీపిండితో పొట్టిక్కలు ఉడికిస్తారు. ఆత్రేయపురంలో బెల్లాన్నీ నేతినీ బియ్యప్పిండితో తీసిన రేకులోనే చుట్టేశారు, చుట్టింది కూడా తినేయాల్సిందే. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చుట్టింది కానుకలో భాగమైనా కావాలి, ఇచ్చినవాళ్ళకి తిరిగైనా రావాలి, పశువుకో మట్టికో ఆహారమైనా కావాలి. మన పెద్దవాళ్ళ పద్ధతులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒక దానికి చెందినవే. నాలుగోది, విప్పగానే చెత్త అయ్యేది, వాళ్ళకి తెలియదు.

నా పుట్టిల్లు మగ్గం ఇల్లు. పెద్దాపురం పట్టు పంచెలు, జుబ్బా గుడ్డలు, కండువాలు అంటే పేరున్న సంగతి మీకు తెలుసు. నేసిన పంచె మడతపెట్టి తెల్లటి మల్లు గుడ్డలో చుట్టి ఇచ్చేవారు, ప్లాస్టిక్ లేకపోవడం వల్ల కాదు. పట్టుకి గాలి ఆడాలి. ప్లాస్టిక్ కవరులో బిగించి పెడితే లోపల చెమ్మ నిలుస్తుంది, జరీ నల్లబడుతుంది, మడతల దగ్గర తెల్లపట్టు పచ్చబారుతుంది. ఈ సంక్రాంతికి మావగారికో నాన్నకో పట్టుపంచె కొనేవాళ్ళు గాజుతెర ఉన్న ఆ పెట్టె, దాని మీద రేపరు వద్దని కొట్లోనే చెప్పండి. ఒక నూలు తువ్వాలులో చుట్టి ఇవ్వండి. పంచె కట్టుకుంటారు, తువ్వాలు భుజాన వేసుకుంటారు.

ఆడవాళ్ళకి ఇచ్చేదానికి ఇంకా తేలికైన మార్గం రవికె గుడ్డ. ఎలాగూ బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇస్తాం కదా, దాన్ని కానుక పక్కన పెట్టకుండా కానుక చుట్టూ కట్టండి. ఎనభై సెంటీమీటర్ల ముక్క ఇంచుమించు చదరంగా ఉంటుంది, కిలో మిఠాయి పెట్టెకి సరిగ్గా సరిపోతుంది. గుడ్డని ఒక మూల మీ వైపు వచ్చేలా బల్ల మీద పరవండి. పెట్టెని నడిమధ్యన పెట్టండి. మీ వైపు మూల పెట్టె మీదకి మడిచి అంచు కిందకి దోపండి. ఎదుటి మూల దాని మీదకి. తర్వాత కుడి, ఎడమ మూలలు పైకి లాగి రెండు ముళ్ళు. ముడిలో ఒక బంతిపువ్వు గానీ, మరువం రెమ్మ గానీ గుచ్చండి. కత్తెర అక్కర్లేదు, టేపు అక్కర్లేదు. పచ్చడి సీసాకైతే నాలుగు మూలలూ పైకి తెచ్చి మూటలా పట్టి అరటినారతో కట్టండి. పూలు కట్టే వాళ్ళ దగ్గర ఆ నార దొరుకుతుంది. కాస్త తడిపి కట్టాలి, లేకపోతే పుటుక్కున తెగుతుంది.

ఇందులో ఒక జాగ్రత్త. ఇంటింటికీ తిరుగుతూ ఎవరూ కుట్టించుకోని నైలాను, పాలిస్టరు జాకెట్ ముక్కలు మన బీరువాల్లో కట్టలుగా ఉన్నాయి. అలాంటిది చుట్టి ఇస్తే చెత్తని వాయిదా వేసినట్టే. నూలుది కొనండి, నలుగురు కుట్టించుకునే రంగు కొనండి. అలాగే పెళ్ళిళ్ళలో పేర్లు అచ్చేసి ఇచ్చే తాంబూలం సంచుల్ని గుడ్డ సంచులనుకుంటున్నారు. వాటిలో చాలావాటిలో నూలు పోగన్నది ఉండదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. నాలుగు ఎండలు తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి. మీ పెళ్ళిళ్ళు ముందున్నాయి కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను, సంచి ఇస్తే నూలు సంచి ఇవ్వండి, దాని మీద పేర్లు చిన్నగా వేయించండి. పేరు పెద్దదైన సంచిని ఎవరూ బజారుకి పట్టుకెళ్ళరు.

జపాన్‌వాళ్ళు చదరపు గుడ్డతో ఇలా చుట్టడాన్ని ఫురోషికి అంటారు. మరుగున పడుతున్న ఆ అలవాటుని 2006లో వాళ్ళ పర్యావరణ మంత్రి యురికో కొయికె స్వయంగా ప్రచారం చేసి మళ్ళీ జనంలోకి తెచ్చారు. మీరు వీడియోల్లో ఆ ముళ్ళు చూసి మెచ్చుకుంటూ ఉంటారు. చూడండి, మంచిదే. అటక మీదున్న మీ అమ్మమ్మ మూటలు కూడా ఒకసారి దింపి చూడండి.

క్రిస్మస్ ఫ్రెండు ఆడే పిల్లలకి ప్రత్యేకం రాయాలి. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె, ప్రతి పెట్టెకీ ఒక రేపరు, ఆఖర్న ఒక పెన్ను! అందరూ చుట్టూ చేరి కేకలు వేస్తుంటే విప్పడం ఎంత సరదాగా ఉంటుందో నాకు తెలుసు, ఆ ఉత్కంఠ పోకూడదు. పెట్టెలు ఉంచండి, అట్టపెట్టెల్ని పాత పేపర్లవాడు తీసుకుంటాడు. రేపర్ల బదులు పాత క్యాలెండరు వాడండి. డిసెంబరు వచ్చేసరికి చాలా ఇళ్ళలో అయిపోయిన నెలల పెద్ద షీట్లు మిగులుతాయి, దళసరి కాగితం, వెనక వైపు కొన్నిటికి తెల్లగా ఉంటుంది. స్కూలు తెరిచినప్పుడు పుస్తకాలకి అట్టలు వేసుకున్నవాళ్ళకి ఆ మడత కొత్త కాదు. తెల్ల వైపు బయటికి వచ్చేలా చుట్టి, దాని మీద మీ చేత్తో బొమ్మ వెయ్యండి, చిన్న పొడుపుకథ రాయండి. ఎవరిచ్చారో కనిపెట్టమనండి. ఒకప్పుడు మన చర్చీల కుర్రవాళ్ళు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి క్రిస్మస్ నక్షత్రాలు వాళ్ళే కట్టేవారు. ఒక్కో వీధి నక్షత్రం ఒక్కో రకంగా ఉండేది, కట్టినవాళ్ళ నేర్పు అందులో కనపడేది. కొన్న నక్షత్రంలో, కొన్న రేపరులో అది కనపడదు.

దినపత్రిక కాగితం బొమ్మలకీ, గిన్నెలకీ, పుస్తకాలకీ వాడుకోండి గానీ తినేవాటికి తగలనివ్వకండి. అచ్చు సిరా మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. తిండికి ఆకే మేలు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, నలుగురికీ చెప్పండి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు నిషేధం. స్ట్రాలు, గ్లాసులు, చెంచాలు అందరికీ తెలిసినవే. ఆ జాబితాలో మిఠాయి పెట్టెల మీద, శుభలేఖల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఉంది. అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉంది. ఈ పండక్కి కాజాలో పూతరేకులో కొన్నప్పుడు పెట్టె మీద ఆ పొర ఉంటే, కొట్టు యజమానితో గొడవ పడకండి, మర్యాదగా చెప్పండి: “ఈ పొర వద్దండి, తీసి ఇవ్వండి, రూలు కూడా ఒప్పుకోదండి.” పదిమంది అడిగితే పదకొండోవాడికి ఆయనే వెయ్యడు. ఎంత పెద్ద రూలైనా మన బజార్లో అమల్లోకి వచ్చేది కొనేవాడు నోరు విప్పినప్పుడే.

జనవరి ఒకటి బొకేల విషయంలో కొంత మార్పు కనపడుతోంది. మన రాష్ట్రంలో కొందరు కలెక్టర్లు, అధికారులు పూలగుత్తులు తేవద్దు, నోటుపుస్తకాలో దుప్పట్లో తెండి, హాస్టలు పిల్లలకి ఇస్తామని ముందే ప్రకటిస్తున్నారు. చాలా మంచి పని. పువ్వులే ఇవ్వాలనుకుంటే పూలతోటల కడియం పక్కనే ఉంది, విడిపువ్వులు ఆకు దొన్నెలో ఇవ్వండి, లేదా మట్టి కుండీలో మొక్క ఇవ్వండి. గులాబీకి సెలోఫేన్ ఎందుకు?

సారె ట్రేలు సర్దే పనితో మన ఊళ్ళో కొందరు ఆడపిల్లలు నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. ప్లాస్టిక్ ట్రే, నెట్టు, థర్మోకోల్ హంసలు, పైన సెలోఫేన్. అమ్మా, మీ చేతిలో పనితనం ఉంది, ఆ బేరం మీకు పోవాలని నేను కోరుకోను. ట్రే బదులు మేదరి తట్టనీ తాటాకు బుట్టనీ, నెట్టు బదులు నూలు గుడ్డనీ, కోనసీమ కొబ్బరి తాడునీ పెట్టి ఒక్క సారె సర్ది ఫోటో తీసి పెట్టండి. అడిగేవాళ్ళు వస్తారు. వచ్చిన డబ్బులో కొంత మేదరవారికీ, కొంత నేతవారికీ వెళుతుంది.

దూరదేశాల్లో ఉన్న పిల్లలూ, మీకు ఒక్క మాటే. ఆర్డరు పెట్టేటప్పుడు గిఫ్టు ప్యాకింగు అన్న గడిలో టిక్కు పెట్టకండి. మీ అమ్మ ఆ మెరుపు కాగితాన్ని చింపలేక, మీరు పంపారన్న ప్రేమతో జాగ్రత్తగా టేపు ఊడదీసి మడతపెట్టి పరుపు కింద దాస్తుంది. దానికి డబ్బు పెట్టే బదులు ఆవిడకి ఒక ఫోను చేసి, “పెట్టె వస్తోందమ్మా, విప్పేటప్పుడు నేను వీడియోలో ఉంటాను” అనండి.

పండక్కి ఇంకా రోజులున్నాయి. మేదరి తట్టలు కావాలనుకుంటే మాత్రం ఇవాళే వెళ్ళి చెప్పండి, అల్లే చేతులు తక్కువైపోయాయి, అప్పటికప్పుడంటే దొరకవు. ముడి వేయడం రానివాళ్ళు ఏ సాయంత్రమైనా మా ఇంటికి రండి, గుడ్డ మీరే తెచ్చుకోండి, నేర్పిస్తాను.

ఇట్లు,
మీ మామ్మ,
ఒక రిటైర్డ్ టీచరు, పెద్దాపురం.